తొమ్మిదీ, ఇంకొకటీ

కజలోరాలో పది అనే అంకెను ఎవరూ నోటితో అనరు. రొట్టెల కొట్టుకు వెళ్ళి పది బన్నులు కావాలంటే "తొమ్మిదీ, ఇంకొకటీ" అని అడగాలి. కొట్టువాడు కూడా ఏడు, ఎనిమిది, తొమ్మిది అని లెక్కపెట్టి, కాస్త ఆగి, మరో బన్ను సంచిలో వేసి, బల్ల కింద ఉన్న ఇనప కడ్డీని వేలితో ముట్టుకుంటాడు. ఇనుము ముట్టుకుంటే దిష్టి తగలదని ఇక్కడి నమ్మకం. పై ఊళ్ళవాళ్ళు ఇదేం వెర్రి అని నవ్వుతారు. నవ్వనివ్వండి. వాళ్ళ ఊరి ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు తొమ్మిదిసార్లు ఇటలీ ఛాంపియన్ అయి, ఆ తరవాత ముప్పై ఏళ్ళపాటు గడప దాకా వెళ్ళి వెనక్కి తిరిగొస్తూ ఉంటే అప్పుడు వాళ్ళకూ తెలిసేది.

పదిసార్లు గెలిచిన క్లబ్బు తన చొక్కా మీద, సరిగ్గా గుండె దగ్గర, బంగారు నక్షత్రం కుట్టుకోవచ్చు. బొటనవేలంత జరీ ముక్క, అంతే. ఆ ముక్క కోసం నీవెస్ బొర్తొలాన్ తన బతుకులో మంచి భాగమంతా ధారపోసింది. తొమ్మిదింటిలో చివరి ఐదూ ఆమె బంతి నడిపించి గెలిపించినవే. మనిషి పొట్టి, నోరు పెద్దది, కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఆట మానేశాక ఊరి పిల్లలకు ఆట నేర్పింది. అరవై దాటాక ఇప్పుడు బెంచీ చివర కూర్చుని నీళ్ళ సీసాలు అందించడం, మోకాళ్ళకు కట్లు కట్టడం, రిఫరీలను తిట్టడం తన పనిగా పెట్టుకుంది. పెళ్ళి కూడా చేసుకుంది. మొగుడు మంచివాడే, పోయాడు. ఆ సంగతి కంటే, తొమ్మిదోది గెలిచిన మరుసటి ఏడు సెమీఫైనల్లో ఒక్క పాయింటుతో ఓడిన సంగతే ఆమె నోట ఎక్కువగా వినబడుతుంది.

క్లబ్బు పుట్టింది ఊలు మిల్లులో. యుద్ధం తరవాతి రోజుల్లో దారం వడికే ఆడపిల్లలు షిఫ్టు దిగి, చర్చి పెరట్లో గోడకు కొట్టిన ఒకే ఒక్క ఇనప రింగు కింద ఆడుకునేవారు. ఆటలో మోకాళ్ళు కనబడకూడదని పాదిరీ అన్నాడు. సరేనని పిక్కల దాకా లంగాలు కుట్టించుకుని, ఆ లంగాలతోనే చుట్టుపక్కల ఊళ్ళన్నింటినీ ఓడించి వచ్చారు. లంగా కాళ్ళకు అడ్డంపడి బోర్లా పడ్డవాళ్ళ పళ్ళు రాలాయి గానీ మోకాళ్ళు మాత్రం కనబడలేదు. మొదటి కప్పు ఊళ్ళోకి వచ్చిన రోజు ఆ పాదిరీయే స్వయంగా గంటలు మోగించాడు, దానికి బిషప్పు చేత చీవాట్లు కూడా తిన్నాడు.

తరవాత జట్టు పెద్దదైంది, పెద్ద జట్టుకు డబ్బు కావాలి, డబ్బిచ్చేవాడి పేరు జట్టుకు పెట్టడం ఈ దేశపు ఆటల్లో ఆచారం. కొన్నాళ్ళు ఫ్రిజ్‌ల కంపెనీ పేరు. కొన్నాళ్ళు సలామీ మాంసం. తరవాత ఆడవాళ్ళ మేజోళ్ళ కంపెనీ. ఆ రోజుల్లో జట్టు ఓడినప్పుడల్లా పేపర్లవాళ్ళు "జారిన మేజోళ్ళు" అని పెద్దక్షరాలతో వేసి పండగ చేసుకున్నారు. ఇప్పుడు సార్టొరెల్ కుళాయిలు. పేరు ఏదైనా గ్యాలరీలో జనం అరిచేది మాత్రం ఫిలాందా అని. అంటే దారపు మిల్లు. అసలు మిల్లు మూతపడి, దాన్ని కూలగొట్టి, ఆ స్థలంలో సూపర్‌మార్కెట్ కట్టి కూడా చాలా ఏళ్ళయింది. మిల్లు అన్నది ఇక జనం గొంతులోనే మిగిలింది.

ఆ జనవరిలో కుళాయిల యజమాని తుల్లియో సార్టొరెల్ క్లబ్బు అమ్మేస్తున్నానని చెప్పాడు. అమ్మేదేమిటంటే మొదటి డివిజన్‌లో ఆడే హక్కు. ఇక్కడ ఆ హక్కును ఇల్లు అమ్మినట్టు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి అమ్ముకోవచ్చు. కొంటున్నది సముద్రం ఒడ్డునున్న రీవమరీనా వాళ్ళు. సీజను ముగిసేదాకా జట్టు ఇక్కడే ఆడుతుంది. వేసవి రాగానే ఆటగత్తెలతో సహా అక్కడికి వెళ్ళిపోతుంది.

నీవెస్ ఫ్యాక్టరీకే వెళ్ళి తుల్లియోను పట్టుకుంది.

"మీ నాన్న ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడురా."

"మా నాన్న ఇంకో నాలుగేళ్ళు ఉంటే కుళాయిలు కూడా ఉండేవి కావు నీవెస్. మీ క్లబ్బే మింగేసేది," అన్నాడు తుల్లియో. అతను కుర్రాడిగా ఉన్నప్పుడు నీవెస్ వెనకాల బంతులు మోసిన మనిషి. అందుకే పాపం ఆమె కళ్ళలోకి చూడకుండా, గోడకు తగిలించిన కుళాయి నమూనాల వంక చూస్తూ మాట్లాడాడు.

అమ్మకాన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. కనీసం చరిత్రనైనా మిగుల్చుకోవాలని ఊరు పట్టుబట్టింది. మేయరు బెపి మిలాన్ నుంచి లాయరును పిలిపించాడు, ఫెరాండి అని, వయసులో చిన్నదే, మాట సూటిగా ఉంటుంది. మున్సిపాలిటీ హాలులో అందరూ కూర్చున్నారు. ఒక పక్క తుల్లియో, రీవమరీనా తరఫున లత్తాంజి అనే ఆవిడ. ఇంకో పక్క మేయరు, లాయరు, పాత ఆటగత్తెల సంఘం తరఫున నీవెస్, ఆమెతోపాటు ఒకే జట్టులో రింగు దగ్గర ఆడిన వాందా. వాందా తాటిచెట్టంత మనిషి, నీవెస్ పక్కన కూర్చుంటే తల్లీపిల్లల్లా ఉంటారు.

బేరం కుదిరింది. ఆడే హక్కు, ఆటగత్తెలు రీవమరీనాకు. ఫిలాందా అన్న పేరు, ఎరుపూ తెలుపూ రంగులు, కప్పులు కజలోరాకు. వాటిని పాత ఆటగత్తెల సంఘం కాపాడుతుంది. ఇంక ఛాంపియన్‌షిప్పులు ఎవరి ఖాతాలో ఉండాలన్నది మిగిలింది. లాయరు కళ్ళజోడు సర్దుకుని చదివింది.

"కజలోరాకు చెందేవి: ఇప్పటిదాకా గెలిచిన తొమ్మిది ఛాంపియన్‌షిప్పులు. ఈ సీజనులో జట్టు పదవది కూడా గెలిచిన పక్షంలో, ఆ పదవది."

కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. వాందా చేతిసంచిలోకి చెయ్యి పోనిచ్చి తాళంచెవుల గుత్తి పట్టుకుంది. మేయరు బెపి బల్ల కింద ఇనప కాలు వెతుక్కున్నాడు. క్లబ్బు అమ్ముకుంటున్న తుల్లియో కూడా అదే కాలు కోసం చెయ్యి చాచాడు, ఇద్దరి చేతులూ తగిలాయి, ఇద్దరూ ఏమీ జరగనట్టు కిటికీలోంచి బయటికి చూశారు.

"లాయరుగారూ, ఆ ముక్క కొట్టెయ్యండి," అంది నీవెస్.

"ఏ ముక్క?"

"ఆ చివరిది. నోటితో అన్నది చాలక కాగితం మీద కూడా పెడతారా?"

"అమ్మా, అది మీ మంచికోసమే పెట్టాను. రేపు ఒకవేళ గెలిస్తే..."

"మళ్ళీ అంటోంది చూడవే," అంది వాందా, తాళంచెవులు వదలకుండా.

లాయరు అందరి మొహాలూ చూసింది. ఎవరైనా నవ్వుతారేమోనని కాసేపు ఆగింది. ఎవరూ నవ్వలేదు.

"మీ జట్టు ఇప్పుడు ఏడో స్థానంలో ఉంది. గెలిచేది లేదనే అనుకుందాం. అయినా ఒక మాట రాసుంచుకుంటే వచ్చే నష్టం ఏమిటి?"

"రాస్తే గెలవం. అదే నష్టం. తొంభై ఎనిమిదిలో ఏమైందో తెలుసా మీకు? ఫైనల్‌కి ముందురోజు ఒక మహానుభావుడు నక్షత్రం కుట్టిన చొక్కాలు ముందే తయారుచేయించాడు. ఐదు మ్యాచీల ఫైనల్‌లో మొదటి మూడూ వరసగా ఓడాం. ఆ చొక్కాలు తగలబెట్టడానికి కూడా ఎవరూ ముట్టుకోలేదు. తొమ్మిది అని రాయండి. తొమ్మిది చాలు."

"మేయరుగారూ, మీరేమంటారు?"

బెపి నుదురు తుడుచుకున్నాడు. "తొమ్మిదే రాయండి మేడమ్. నేను మళ్ళీ ఎన్నికల్లో నిలబడాలి."

లాయరు ఆ వాక్యం కొట్టేసింది. "మిలాన్‌లో ఈ సంగతి చెబితే ఒక్కరూ నమ్మరు," అంది.

"చెప్పకండి. అక్కడివాళ్ళ దిష్టి కూడా మాకెందుకు," అంది నీవెస్.

లత్తాంజి ఒక్క మాట మాట్లాడకుండా సంతకం పెట్టింది. తనకు లాభమయ్యే పొరపాటును ఎదుటివాళ్ళకు చూపించేంత మంచితనం ఎవరికుంటుంది చెప్పండి. ఆవిడను తిట్టుకుని ప్రయోజనం లేదు, తరవాత ఊరంతా తిట్టుకున్నా సరే.

ఫిబ్రవరి నుంచి జట్టు గెలవడం మొదలుపెట్టింది. ఎందుకంటే చెప్పలేం. అమ్ముడుపోయినవాళ్ళకు పోయేదేమీ ఉండదు కాబట్టి భయం వదిలేశారని కొందరన్నారు. కెప్టెన్ డెబొరా కానెవా పట్టుబట్టి నడిపించిందని నీవెస్ అంది. డెబొరా ఎనిమిదేళ్ళప్పుడు నీవెస్ దగ్గర ఆట మొదలుపెట్టిన పిల్ల. చుట్టరికం ఏమీ లేకపోయినా అత్తా అని పిలుస్తుంది. ఇప్పుడు ముప్పై నాలుగు, రెండు మోకాళ్ళకూ ఆపరేషన్లు అయ్యాయి, పొద్దున్నే మెట్లు దిగాలంటే వెనక్కి తిరిగి దిగుతుంది. రీవమరీనాతో ఆమెకు ఒక్క ఏడాదే ఒప్పందం. అది కాగానే ఆట మానేస్తానని అందరికీ చెప్పేసింది.

సెమీఫైనల్ గెలిచిన రోజు మోకాలికి నీవెస్ చేత కట్టు విప్పించుకుంటూ డెబొరా మెల్లగా అడిగింది.

"అత్తా, ఒకటడుగుతా తిట్టవుగా? ఆ ఒక్కటి వస్తే ఎక్కడ కుడతారు? మేమంతా అక్కడికి పోతాం. చొక్కా ఇక్కడుంటుంది."

"నోర్ముయ్."

"కాదు, నిజంగా. ఎవరైనా ఆలోచించారా?"

"దాని గురించి ఆలోచించకూడదని చిన్నప్పుడే చెప్పానా లేదా? నీ మోకాలి సంగతి ఆలోచించు. కాలు చాపు."

డెబొరా కాలు చాపింది. ఆ ప్రశ్న అంతటితో పోయింది. అప్పటికి ఇంకా టైముంది, లాయరుకు ఒక ఫోను చేసి ఆ వాక్యం మళ్ళీ పెట్టించమంటే కుదిరేదేమో. కానీ ఫోను చెయ్యాలంటే ఆ మాట నోటితో అనాలి కదా.

చెరి రెండూ గెలిచాక, ఫైనల్ ఐదో మ్యాచి కజలోరాలో. ఆఖరి క్షణంలో బంతి గాల్లో ఉండటం, ఊరంతా ఊపిరి బిగబట్టడం, అలాంటివేమీ జరగలేదు. మూడో క్వార్టరుకే తేడా ఇరవై దాటింది. అయినా గ్యాలరీలో ఒక్కరూ నవ్వలేదు, ఒక్కరూ లేవలేదు. తొంభై ఎనిమిదిని చూసిన జనం. అందరూ జేబుల్లో తాళంచెవులు పట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్నారు. చివరి బూర మోగాక కూడా ఎవరూ తాళంచెవులు వదల్లేదు. అప్పుడు పై వరసలోంచి ఎవరో ముసలాయన "పది" అన్నాడు. అంతే, మూడు వేలమంది ముప్పై ఏళ్ళుగా మింగుకున్న అంకెను ఒక్కసారి కక్కేశారు. పది, పది, పది. మర్నాడు రొట్టెల కొట్టువాడు వచ్చినవాళ్ళందరికీ అడక్కుండానే పది బన్నులిచ్చాడు. డెబొరా నీవెస్‌ను చంకలో పిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మైదానమంతా తిప్పింది. నీవెస్ ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదని వాందా తరవాత అందరికీ చెప్పింది, అది నిజమే.

జూన్‌లో లాయరు ఫోను చేసింది.

"నీవెస్ గారూ, జనవరిలో మనం కొట్టేసిన వాక్యం గుర్తుందా?"

నీవెస్ తాళంచెవుల కోసం చెయ్యి చాచింది.

"ఒప్పందం ప్రకారం తొమ్మిది మీవి," అంది లాయరు. "పేరు పెట్టి మీకు రాయనిదంతా హక్కుతోపాటు వాళ్ళకు పోతుంది. ఈ సీజను ఫలితం కూడా. ఫెడరేషన్‌ను కూడా అడిగాను. వాళ్ళూ అదే అన్నారు. మీకు తొమ్మిది, రీవమరీనాకు ఒకటి."

"మరి నక్షత్రం?"

"పది ఎవరి దగ్గరా లేవు కదమ్మా."

లాయరు నేను ముందే చెప్పానని అనలేదు. అని ఉంటే నీవెస్ నాలుగు తిట్టి తేలికపడేది. ఊరికి సంగతి తెలిశాక తిట్లన్నీ నీవెస్ మీదికే వచ్చాయి. ఆ గదిలో బల్లకాలు పట్టుకున్న మేయరు కూడా, ఆవిడ ఒంటికాలి మీద లేచింది, నన్ను మాట్లాడనివ్వలేదు అని చెప్పుకుని తిరిగాడు. నీవెస్ కొట్టుకు వెళితే జనం మాటలు ఆపేసేవారు. నిన్నటిదాకా తమ పెరట్లో కూడా పది అనని మనుషులు, ఇంత మూఢనమ్మకమా అని ముక్కున వేలేసుకున్నారు.

ఆమె రైలెక్కి రీవమరీనా వెళ్ళింది. లత్తాంజికి అక్కడ చేపల డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. ఆవిడ మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది.

"అడగడానికే వచ్చా," అంది నీవెస్. "ఆ ఒక్కటి మాకిచ్చెయ్యండి. మా ఊళ్ళో గెలిచింది, మా వాళ్ళ కళ్ళముందు గెలిచింది. మీకు ఒకటి ఉన్నా లేకపోయినా ఒకటే."

"ఒకటే కాదండీ. ఛాంపియన్లను తెస్తున్నానని మా వాళ్ళకు మాటిచ్చి హాలు కట్టించాను. ఇప్పుడు ఉత్త ఆటగత్తెలను తెచ్చానంటే నా మొహాన ఉమ్మేస్తారు. పోనీ ఇచ్చాననుకోండి, మీరేం చేస్తారు? వచ్చే ఏడు మీ ఊళ్ళో ఉండేది అట్టడుగు డివిజన్‌లో బడిపిల్లల జట్టు. ఆ పిల్లల చొక్కాలకు కుడతారా?"

నీవెస్ కాఫీ కప్పును పక్కకు జరిపింది.

"నేనొక మాట చెబుతా, కోపగించుకోకండి," అంది లత్తాంజి. "మీ తొమ్మిదీ ఇటు కలపండి. అప్పుడు పది అవుతాయి. జట్టుకు ఫిలాందా అనే పేరు పెడతాను. నక్షత్రం కింద కజలోరా అని మీ ఊరి పేరు కుట్టిస్తాను. కప్పులు మీ దగ్గరే ఉంచుకోండి. తొడుక్కునేది కూడా గెలిచిన మీ అమ్మాయిలే. మీరు నాకివ్వాల్సింది ఒక అంకె, అంతే."

"చొక్కా రంగు?"

"నీలం. మా ఊరి రంగు అదే. అది మాత్రం మార్చలేను."

"నీలమా," అని నీవెస్ లేచి వచ్చేసింది. కాఫీ తాగలేదు.

విషయం డెబొరాకు తెలిసింది. జులై మొదట్లో, సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయే వారంలో, నీవెస్ ఇంటికొచ్చింది. నీవెస్ పెరటి వాకిట్లో కూర్చుని చిక్కుడు గింజలు వలుస్తోంది. డెబొరా కుర్చీ లాక్కుని, కాళ్ళు చాపుకుని, తను కూడా రెండు గుప్పిళ్ళు తీసుకుని వలవడం మొదలుపెట్టింది.

"సంఘంలో ఓట్లు పెడుతున్నారటగా."

"ఆ. శుక్రవారం."

"సగం మంది సరే అంటున్నారట. వాందా పిన్ని కూడా."

"వాందాకు ఎప్పుడూ బుర్ర మోకాళ్ళలోనే ఉండేది. అంత ఎత్తుకు రక్తం ఎక్కదు."

డెబొరా నవ్వింది. తరవాత నవ్వడం మానేసి గింజల వంక చూస్తూ మాట్లాడింది.

"అత్తా, నాకు మిగిలింది ఒక్క సీజను. ఇది కూడా ఆడలేనేమోనని డాక్టరు అన్నాడు. ఒక్కసారి తొడుక్కుంటా. మొదటి మ్యాచి చాలు. నీలమైతేనేం, పసుపైతేనేం. నువ్వు ఎనిమిదేళ్ళ పిల్లను పట్టుకుని ఆ నక్షత్రం కోసమే పెంచావు నన్ను. ఇప్పుడు గెలిచాం. అది ఎవరో దొంగిలించలేదు, ఎవరో ఆక్రమించలేదు. మన సంతకం మనమే పెట్టి పోగొట్టుకున్నాం. తిరిగి తెచ్చుకునే దారి ఇదొక్కటే ఉంది."

"అది తెచ్చుకోవడం కాదు. ఇచ్చుకోవడం."

"నాకిస్తున్నావనుకో."

నీవెస్ ఇంకో కాయ వలిచింది. ఈ పిల్ల గుండె మీద ఆ జరీ ముక్క ఎలా ఉంటుందో ఆమెకు బాగా తెలుసు. ఎన్నోసార్లు ఊహించుకుంది, ఎరుపు చొక్కా మీద. ఇప్పుడు ఎంత ప్రయత్నించినా నీలం చొక్కాయే కళ్ళముందుకొస్తోంది, ఆ చొక్కా వెనకాల తనకు తెలియని జనం, తనకు తెలియని హాలు, సముద్రపు వాసన. ఆ హాలులో బెంచీ చివర ఎవరు కూర్చుంటారు? లత్తాంజి అన్నీ ఇస్తానంది. నువ్వు కూడా రా అని మాత్రం అనలేదు.

"శుక్రవారం చూద్దాం," అంది చివరికి. డెబొరా లేచి, ఆమె తల మీద ముద్దుపెట్టుకుని వెళ్ళింది. సరేనన్నట్టే అనుకుంది పాపం.

శుక్రవారం సాయంత్రం బారు వెనక గదిలో సంఘం కూడింది. పాత ఆటగత్తెలు, కొందరు చేతికర్రలతో, కొందరు మనవరాళ్ళను వెంటబెట్టుకుని వచ్చారు. డెబొరా సభ్యురాలు కాదు గనక గుమ్మం దగ్గర నిలబడింది.

వాందా లేచింది. ఆమె లేస్తే గదిలో దీపం కొంచెం తగ్గినట్టవుతుంది.

"నాకు డెబ్భై ఏళ్ళు. ఈ తొమ్మిదినీ నా గోరీలోకి తీసుకుపోతానా? ఆ పిల్లలు తొడుక్కుంటే టీవీలో అయినా చూస్తా. కింద మన ఊరి పేరు కూడా ఉంటుందట. ఇంకేం కావాలి మీకు?"

కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు గొణిగారు. చేతులెత్తించి లెక్కపెడితే రెండు వైపులా సమానం వచ్చాయి. అలా సమానమైతే అధ్యక్షురాలి మాటే చెల్లుతుంది. అధ్యక్షురాలు నీవెస్.

ఆమె నిలబడి మాట్లాడింది. చాలా బాగా మాట్లాడింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. పన్నెండు గంటలు దారం వడికి, ఆ చేతులతోనే బంతి పట్టుకున్న ఆడపిల్లల గురించి చెప్పింది. పిక్కల దాకా లంగాల గురించి, రాలిన పళ్ళ గురించి, బిషప్పు గురించి చెప్పింది. ఈ తొమ్మిదీ వాళ్ళవి, మనం కాపలావాళ్ళం మాత్రమే, కాపలావాళ్ళు ఇల్లు అమ్ముకోరు అంది. రెండు మూడు ముసలి మొహాల్లో కన్నీళ్ళు కనబడ్డాయి. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. అంతా చెప్పాక చెయ్యెత్తి, వద్దు అంది.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాందా ఆమె వంక చూడకుండానే, మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళింది. నీవెస్ కుర్చీలు సర్ది బయటికొచ్చేసరికి డెబొరా బారు ముందు అరుగు మీద కూర్చుని ఉంది. ఎండ ఇంకా పూర్తిగా పోలేదు. డెబొరా మొహంలో కోపం లేదు. ఉంటే నీవెస్‌కు బాగుండేది, కోపాలతో ఆమెకు అలవాటు.

"చాలా బాగా మాట్లాడావు అత్తా."

"నీకు అర్థమవుతుందని నాకు తెలుసు."

"జనవరిలో నువ్వా ముక్క కొట్టేయించావని ఊరంతా నిన్ను ఆడిపోసుకుంటుంటే, నా ముందు ఎవర్నీ ఒక్క మాట అననివ్వలేదు నేను. అప్పుడు నువ్వు చేసింది పొరపాటు. నీ కుర్చీలో నేనున్నా అదే చేసేదాన్ని. మన ఊళ్ళో ఎవరున్నా అదే చేసేవాళ్ళు." డెబొరా అరుగు పట్టుకుని, మోకాలు సర్దుకుంటూ లేచి నిలబడింది. "ఇవాళ చేసింది పొరపాటు కాదు."

"ఆ మిల్లు పిల్లల కోసం..."

"వాళ్ళను ఇందులోకి లాగకు అత్తా. వాళ్ళు పళ్ళు రాలగొట్టుకుంది గెలవడానికి, దాచిపెట్టుకోడానికి కాదు. నీకు నక్షత్రం ఎప్పుడూ అక్కర్లేదు. అది నీది కాకపోతే ఎవరి మీదా ఉండకూడదు, నీకు కావల్సింది అంతే."

అని, కారు దాకా మెల్లగా కుంటుకుంటూ వెళ్ళింది. వెనక సీటు నిండా సామాన్లు కట్టి ఉన్నాయి. తలుపు వేసుకుంది, చెయ్యి ఊపలేదు.

నీవెస్ అక్కడే నిలబడింది. జీవితంలో ఏ రిఫరీకైనా, ఏ కోచ్‌కైనా, ఏ మగవాడికైనా వెంటనే జవాబు చెప్పిన మనిషి. ఆ పిల్ల అన్నది అబద్ధమైతే ఆమెకు ఒళ్ళు మండేది, వెనకాల పరిగెత్తి కారు అద్దం మీద కొట్టేది. కోపం వస్తుందేమోనని చాలాసేపు చూసింది. రాలేదు.